గూడకొంగల కింద సన్మానం

నేను జీవితంలో చేసిన మొట్టమొదటి ఉపన్యాసానికి చేపల వాన కురిసింది.

ఇది అలంకారం కాదండీ. పైనుంచి పడింది, తలలు తడిశాయి, గొడుగు తెచ్చుకున్నవాడు బతికిపోయాడు. కాబట్టి వాన అనే అనాలి. ఆ వానకి ఒక ఊరు ఊరంతా కంటతడి పెట్టింది, ఒక పెద్దమనిషి పరువు పోయింది, నేను వేసవి సెలవులు మొత్తం ఒక పక్షికి దాదిగా పనిచేశాను. చదువుతూ నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మధ్యలో ఎక్కడైనా నా మీద జాలి కలిగితే మాత్రం కాస్త ఆపుకోండి. దానికి నేను ఎందుకు తగనో మీకే తెలుస్తుంది.

ముప్ఫయిల నాటి మాట. అప్పట్లో నేను ఏలూరులో ఒక స్కూల్లో కుర్ర పంతుల్ని. పేరు కామేశ్వరరావు. చొక్కా ఇస్త్రీ, మీసం కత్తిరింపు, నాలుక దురద, ఈ మూడూ నా ఆస్తి. నాలుక దురద అంటే ఉపన్యాసం చెయ్యాలన్న కోరిక. ఆ రోజుల్లో ఏ సాయంత్రం చూసినా ఊళ్లో ఏదో ఒక సభ. నేను అన్నిటికీ వెళ్లి ముందు వరసలో కూర్చునేవాణ్ణి. వందన సమర్పణ చెయ్యాల్సిన ఆయనకి అకస్మాత్తుగా జ్వరం తగిలితే నన్ను పిలుస్తారేమోనని ఆశ. ఏలూరులో వందన సమర్పణ చేసేవాళ్లంతా ఇనుప గుండులాంటి ఆరోగ్యవంతులు. ఒక్కడికీ తుమ్మైనా రాలేదు.

అలాంటి నేను పోయి పోయి మాట్లాడకూడని సంఘంలో చేరాను.

దాన్ని ప్రకృతి సంఘం అనేవాళ్లం. పేరు చూసి పెద్దగా ఊహించుకోకండి. ఒక రిటైరయిన డాక్టరు గారు, ఒక వకీలు గారు, మాలాంటి పంతుళ్లు కొందరు. మాఘమాసం ఎండ తిరిగిన దగ్గర్నుంచి చైత్రం దాకా, ఆదివారాలు పొద్దున్నే డాక్టరు నరసింహం గారు మమ్మల్ని నడకకి తీసుకెళ్లేవారు. తమ్మిలేరు ఇసకలో ఒక వారం, పెదవేగి తోటల్లో ఒక వారం, కొల్లేటి గట్టు మీద ఒక వారం. ఎక్కడ కొత్త చిగురు వేసిందో, ఏ పిట్ట ఎక్కడ గూడు కడుతోందో చూపించేవారు. చూపించేవారు అంటే వేలితోనే. ఆయన నియమం ఒక్కటే.

"చూడండి, వినండి, మాట్లాడకండి."

నా అవస్థ ఊహించుకోండి. చెరుకు రసం కొట్టు ముందు దాహంతో నిలబడ్డవాడి మూతికి గుడ్డ కట్టినట్టుండేది.

ఏటా వసంతంలో చివరి నడక తాడేపల్లిగూడెం దగ్గర ఒక ఊరికి. ఆ ఊరి పేరు చెప్పను. ఆ ఊరి వాళ్లు నన్ను క్షమించారు గానీ, మళ్లీ గుర్తు చేస్తే మనసు మార్చుకోవచ్చు. ఆ ఊళ్లో తాటిచెట్ల నిండా గూడకొంగలు గూళ్లు కట్టేవి. గూడకొంగంటే ముక్కు కింద పెద్ద సంచి వేలాడే పక్షి. గాల్లో చూస్తే మహారాజు, నేల మీద చూస్తే సంతకి ఆలస్యమైన కోమటి. చలికాలం మొదట్లో ఎక్కడినుంచో వస్తాయి, తాటిమట్టల మధ్య పుల్లలు పేర్చి పిల్లల్ని పెడతాయి, కొల్లేటికి పోయి సంచి నిండా చేపలు తెచ్చి పెంచుతాయి, ఎండలు ముదిరేసరికి పిల్లల్ని వెంటేసుకుని వెళ్లిపోతాయి.

ఆ ఊరి వాళ్ల దృష్టిలో అవి పక్షులు కావు. పురుటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు. ఆ మాట వాళ్లు సరదాకి అనరు. పురిటిల్లు ఎలా ఉంటుందో ఊరంతా అలా ఉంటుంది. గూళ్లలో పిల్లలున్నన్నాళ్లూ ఊళ్లో డప్పు మోగదు. పెళ్లి ఊరేగింపు వస్తే పొలిమేర దగ్గరే సన్నాయి సంచిలోకి వెళుతుంది, పెళ్లికొడుకు బండి దిగి దొంగలా నడిచి వస్తాడు. ఆ నెలల్లో మొగుడూ పెళ్లాలు పోట్లాడుకున్నా గుసగుసగానే పోట్లాడుకుంటారు.

కొత్తవాళ్లని చెట్ల దగ్గరికి రానివ్వరు. తుపాకులతో వచ్చే దొరల్ని చూసి ఉన్నారు మరి. డాక్టరు గారు మొదటి ఏడాది పొలం గట్టు మీదే ఆగిపోయి కూర్చున్నారట. మరుసటి ఏడు దిబ్బ దాకా. ఆ పై ఏడు బావి దాకా. అలా ఏటికేడు కాస్త కాస్త జరుగుతూ, దగ్గు వస్తే కండువా నోట్లో కుక్కుకుంటూ, చివరికి అంకమ్మ గారి వాకిలి దాకా వచ్చారు. అంకమ్మ గారంటే ఆ తాటిచెట్ల యజమానురాలు. సొంత కమతం, పాడి, పదిమందిని ఏలే నోరు. ఆవిడ తన వాకిట్లో గడ్డిమేటు పక్కన మాకు చోటిచ్చింది. సరిగ్గా నెత్తిమీదే గూళ్లు.

ఆయనకి ఆ వాకిలి చేరడానికి అన్నేళ్లు పట్టింది. నేను ఒక్క పూటలో పోగొట్టాను.

ఆ ఏడు డాక్టరు గారి మోకాలు మొరాయించింది. నన్ను పిలిచారు.

"కామేశం, ఈసారి గూడెం నడకకి నువ్వు దారి చూపించు. నేను అందరితోపాటు వెనకాల వస్తాను. సరిగ్గా జరిగిందా, వచ్చే ఏటినుంచి నడకలన్నీ నీవే."

"తప్పకుండానండి."

"నువ్వు చేయాల్సింది ఏమీ లేదు. అసలు నువ్వు ఏమీ చేయకపోవడమే కావాలి."

ఆ రెండో వాక్యం నా ఒక చెవిలోంచి దూరి రెండో చెవిలోంచి బయటికెళ్లి గాలికి పోయింది. ఎందుకంటే అప్పటికే నా బుర్రలో ఒక మహత్తరమైన ఆలోచన పొడిచింది. ఇది ఆయన పెద్దరికంలో జరిగే చివరి నడక. ఇంత పెద్దాయన్ని ఊరికే వదిలేస్తామా? సన్మానం చేయొద్దూ?

మనవాళ్లకి ఇదొక జబ్బండీ. మంచి మనిషిని ప్రశాంతంగా ఉండనివ్వం. మెడలో దండ వేసి, భుజాన శాలువా కప్పి, ఆయన ముందే ఆయన్ని పొగిడి, ఆయన ఎటు చూడాలో తెలియక గోళ్లు చూసుకుంటుంటే గానీ మనకి తృప్తి ఉండదు. నిజం ఒప్పుకుంటాను. ఆయన్ని సన్మానించాలన్న కోరిక నాలో పావలా వంతు. మిగతా ముప్పావలా, సన్మానం ఉన్నచోట ఉపన్యాసం ఉంటుందన్నదే.

వకీలు భీమశంకరం గారిని సంప్రదించాను. ఆయన కోర్టులో మాట్లాడితే వీధిలో గుర్రాలు బెదిరేవి.

"దివ్యమైన ఆలోచనయ్యా! ఎక్కడ చేద్దామంటావు?"

"చెట్ల కిందేనండి. పక్షుల సాక్షిగా."

"మరి చప్పుడు కూడదు కదటయ్యా?"

"మెల్లగా చదువుతానండి. గుసగుసగా."

"గుసగుసగా సన్మానమా?" అని ఆయన కాసేపు ఆలోచించి, "సరే, నేనో తివాచీ తెస్తాను. సభంటే తివాచీ ఉండాలి" అన్నారు.

ఆ మాటలో ఏలూరు పౌరుషం ఉంది. మా ఊరి తివాచీలు సముద్రాలు దాటి దొరల ఇళ్లల్లో పరుచుకుంటుంటే, మా డాక్టరు గారి కాళ్ల కింద లేకపోతే ఎలా?

ఆ ఆదివారం పాసెంజరు బండిలో బయల్దేరాం. శాలువా నా చొక్కాలోపల దాచాను. పొట్ట ఎత్తుగా కనిపించింది. దండ టిఫిను కేరియరులో. వకీలు గారు తివాచీ చుట్టని భుజాన వేసుకుని కొండచిలవని పట్టిన వేటగాడిలా ఎక్కారు.

"అదేవిటండీ భీమశంకరం గారూ?" అన్నారు డాక్టరు గారు.

"నడుం నొప్పండి. నేల మీద కూర్చోలేను."

"ఏదీ, ఎక్కడ నొప్పి? చూస్తాను."

"ఇప్పుడు తగ్గిందండి."

డాక్టరు గారు నా పొట్ట వంక కూడా చూశారు. ఏమీ అనలేదు. నియమం ఆయనకీ వర్తిస్తుంది కదా.

గూడెంలో దిగి, రెండెడ్ల బండి మాట్లాడుకుని, పొలిమేర దగ్గర దిగి నడిచాం. నిజం చెప్పాలంటే ఆ నడక నేను చక్కగానే నడిపించాను. కోతలైపోయిన పొలాల్లో మినుము తీసిన వాసన. కాలవ గట్టున కానుగ చెట్లు లేతాకుపచ్చగా తళతళలాడుతున్నాయి. అంకమ్మ గారి వాకిట్లోకి అడుగుపెట్టేసరికి పైన తాటాకుల మధ్య తెల్లటి తలలు, బూడిదరంగు రెక్కలు. పిల్లలు తల్లుల గొంతుల్లోకి తలలు దూర్చి, బావిలోంచి చేద లాగినట్టు చేపలు లాక్కుంటున్నాయి. అందరం నోళ్లు తెరుచుకుని చూశాం. అక్కడితో ఆపి ఉంటే ఈ కథ లేదు, నాకు మంచి పేరుండేది.

అంకమ్మ గారు అరుగు మీదనుంచి చేత్తోనే పలకరించి, మజ్జిగ తేవడానికి లోపలికి వెళ్లారు. అదే అదను. వకీలు గారు తివాచీ పరిచారు. నేను చొక్కాలోంచి శాలువా తీశాను. డాక్టరు గారి ముఖంలో రక్తం దిగిపోయింది.

"కామేశం, వద్దు," అన్నారు పెదవులతోనే.

ఏ సన్మానంలోనైనా పెద్దలు మొదట వద్దనే అంటారు. అది వాళ్ల వినయం. దాన్ని పట్టించుకోకపోవడం మన మర్యాద. శాలువా కప్పాను, దండ వేశాను, కాగితం తీశాను.

చదివాను. గుసగుసగానే చదివాను, ఆ మాత్రం న్యాయం నాకు చేయండి. నెల్లాళ్లు కూర్చుని రాసిన ఉపన్యాసం. అందులో డాక్టరు గారు సూర్యుడు, సంఘం తామరకొలను, మేము తామరలం. కొంతసేపటికి మేము చకోరాలం, ఆయన చంద్రుడు. పగలూ రాత్రీ ఆయన చేతే చేయించాను. పైన పక్షులు మెడలు వంచి చూస్తున్నాయి. అంతమంది శ్రోతలు నాకు అదివరకెప్పుడూ లేరు.

ముగించాను. కాగితం మడిచాను. ఆగాను.

నిశ్శబ్దం.

సంఘం సభ్యులు నియమానికి కట్టుబడి, తలలూపి, నవ్వి ఊరుకున్నారు. ఎంత క్రమశిక్షణ! దాన్ని చూసి నేను గర్వపడాల్సింది. కానీ నెల్లాళ్ల ఉపన్యాసమండీ! చివరి వాక్యం దగ్గర నా చెవులు ఒక చప్పుడు కోసం ఎదురు చూశాయి. అది రాలేదు. అప్పుడు నా చేతులు, నన్నడక్కుండా, పైకి లేచాయి.

అవును. నా ఉపన్యాసానికి నేనే చప్పట్లు కొట్టుకున్నాను.

నేను మొదలెట్టగానే వకీలు గారు అలవాటు కొద్దీ అందుకున్నారు. ఆయన చేతులు తాటికమ్మలంత ఉంటాయి. మిగతావాళ్లూ ఏమరుపాటున కలిశారు. డాక్టరు గారు రెండు చేతులూ అడ్డం ఊపుతూనే ఉన్నారు. మేం అది కృతజ్ఞత అనుకున్నాం.

గూడకొంగ పిల్లలకి ఒక గుణముంది. బెదిరితే, తిన్నదంతా బయటికి పంపించేస్తాయి. అది నేను పుస్తకంలో చదివే ఉన్నాను. చదవడం వేరు, కింద నిలబడటం వేరు.

మొదట ఒక చేప పడింది. పక్కనే ఇంకొకటి. తర్వాత లెక్కే లేదు. చేదుపరిగెలు, జెల్లలు, సగం అరిగినవి, ముప్పాతిక అరిగినవి, ఏవో చెప్పడానికి వీల్లేనివి. వకీలు గారి బట్టతల మీద ఒకటి చప్పున పడి, చెవి మీదుగా జారి, సిల్కు లాల్చీ జేబులోకి దిగింది. తివాచీ మీది పువ్వులు కనిపించకుండా పోయాయి. నా ఉపన్యాసం కాగితం తడిసి చేతిలో ముద్దయింది. పైన రెక్కల హోరు, తల్లులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆ గందరగోళంలో డాక్టరు గారు మాత్రం కదల్లేదు. శాలువా మీద పడ్డదాన్ని కళ్లజోడు సర్దుకుని చూసి, అలవాటు చొప్పున దాని జాతి పేరు, "మట్టగిడస," అని గొణిగారు.

అప్పుడే దబ్బున ఒక చప్పుడు. గడ్డిమేటు మీద ఏదో పడింది. చూస్తే పిల్ల. ఇంకా ఈకలు సగమే వచ్చిన పిల్ల, ముక్కు తెరిచి, రెక్క ఒకటి కింద మడతపడి, మా వంక చూస్తోంది.

చప్పట్లు ఆగిపోయాయి.

అంకమ్మ గారు మజ్జిగ చెంబుతో గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఆవిడ వెనక వీధి వీధంతా. ఆడవాళ్లు పైకి చూసి కొంగులు కళ్లకద్దుకుంటున్నారు. నేను అరుపులకి సిద్ధపడ్డాను. అరుపులైతే తట్టుకునేవాణ్ణేమో. కానీ పైన తల్లులు మళ్లీ గూళ్ల మీద వాలుతున్నాయి, ఇంకోసారి బెదరకూడదు. అందుకని ఊరంతా కలిసి మమ్మల్ని గుసగుసగా తిట్టింది. అంతమంది చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా తిడుతుంటే ఎలా ఉంటుందో, అనుభవించినవాడికి గానీ తెలియదు. తేనెటీగల మధ్య కూర్చున్నట్టుంటుంది.

అంకమ్మ గారు నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు. కోపంలో కూడా గోదావరి మర్యాద తప్పలేదు.

"తమరు మనిషేనా అండీ?" అన్నారు, నా చెవిలో.

"తప్పయిపోయిందండి."

"పురిటింట్లో చప్పట్లు కొడతారాండీ ఎవరైనా? మీ అక్కగారు పురుడు పోసుకుంటే కొట్టారాండీ?"

"లేదండి."

"మరి మా పిల్లల దగ్గర ఎందుకు కొట్టారండీ? దేనికి కొట్టారు, అది చెప్పండి ముందు."

ఏమని చెప్పను? నా ఉపన్యాసం నాకు నచ్చిందని చెప్పనా?

వకీలు గారు నన్ను కాపాడబోయారు. జీవితంలో మొదటిసారి గుసగుసగా వాదించాల్సి వచ్చింది ఆయనకి. "అమ్మా, ఇందులో దురుద్దేశం..." అని మొదలెట్టారు గానీ, ఆ గొంతులో గుసగుస అంటే మామూలు మనిషి కేక. ఊరంతా ఒక్కసారిగా "ష్" అంది. ఆయన నోరు మూసుకుని జేబులోంచి చేప తీసి పారేశారు.

అంకమ్మ గారు డాక్టరు గారి వైపు తిరిగారు. దండలో, శాలువాలో, చేపల్లో ఆయన పెళ్లి మధ్యలో వరదలో కొట్టుకొచ్చిన పెళ్లికొడుకులా ఉన్నారు.

"డాక్టరు గారూ, తమర్ని నమ్మి వాకిట్లోకి రానిచ్చానండి. ఇంక రాకండి. ఎవరూ రావద్దు."

ఆయన నా పేరు చెప్పలేదు. ఇది నా పని కాదనలేదు. రెండు చేతులూ జోడించి, "క్షమించండమ్మా, మీరన్నట్టే," అన్నారు. అంతే. అప్పుడు ఆయన ముఖం చూశాను. పొలం గట్టు నుంచి వాకిలి దాకా ఆయన జరుగుతూ వచ్చిన ఏళ్లన్నీ ఆ ముఖంలోంచి వెనక్కి నడిచి పోతున్నాయి. చేపలు మీద పడ్డప్పుడు రాని సిగ్గు నాకు అప్పుడొచ్చింది.

"ఈ పిల్లని మళ్లీ పైన పెడితే?" అన్నాను.

"తాటిచెట్టు ఎవరు ఎక్కినా మిగతా పిల్లలు బెదిరి దూకుతాయండి. ఇంక కిందే. కిందపడ్డ పిల్లకి తల్లి తిండి పెట్టదు. రెండ్రోజుల్లో పోద్ది. ఆడపిల్ల పురిటికొస్తే బిడ్డని పోగొట్టారని మా ఊరికి పేరొస్తది."

"నేను పెంచుతానండి."

ఆ మాట ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. నా నోట్లోంచి ముందుగా రాసిపెట్టుకోకుండా వచ్చిన మొదటి మంచి వాక్యం అదే.

అంకమ్మ గారు తడిసిన చొక్కాలోంచి కనిపిస్తున్న నా జంధ్యం వంక చూశారు. "ఎప్పుడైనా చేపని ముట్టుకున్నారాండీ?"

"ఇప్పుడే ముట్టుకున్నానండి. మెడమీద ఇంకా ఉంది."

ఆవిడ పెదవి కొంచెం కదిలింది. నవ్వో, చీదరో.

"సరేనండి. అది రెక్కలొచ్చి ఎగిరిపోయిందా, వచ్చే ఏడు మీ డాక్టరు గారు మళ్లీ రావచ్చు. ఎగరలేదా, ఆయనా రాకూడదు, మీరూ రాకూడదు. ఏవంటారు?"

ఏమంటాను? మర్నాడే స్కూలుకి వేసవి సెలవులు ఇస్తూనే, ఒక చాప, ఒక చెంబు పట్టుకుని ఆ ఊరికి చేరాను. ఆవిడ పశువులపాకలో ఒక మూల నాకు, ఒక మూల పిల్లకి.

ఊరివాళ్లు దానికి సన్మానం అని పేరు పెట్టారు. "పంతులు గారూ, సన్మానం మేత మేసిందాండీ?", "మీ సన్మానం మా దూడని పొడిచిందండీ", "ఏవండీ, సన్మానం రాత్రంతా ఒకటే గోల, కాస్త చూసుకోకూడదాండీ?" అని రోజూ పలకరింపులు. పగ తీర్చుకోవడంలో అంత మర్యాద నేను మరెక్కడా చూడలేదు.

మొదటిరోజు చేపని తామరాకులో చుట్టి, ముఖం పక్కకి తిప్పుకుని, కొసవేళ్లతో అందించాను. సన్మానం ఆకు, చేప, నా చెయ్యి మోచేతి దాకా ఒకేసారి మింగింది. మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుంటే ఆకు కూడా లోపలే ఉండిపోయింది. రెండో రోజుకి ఆకు మానేశాను. వారం తిరిగేసరికి గంపలో చెయ్యిపెట్టి, ఏది మెత్తనిదో, ఏది ముల్లున్నదో తడిమి తీసి పెట్టేవాణ్ణి. దాని ఆకలి సామాన్యమైంది కాదు. అంకమ్మ గారి పాలేరు గంపతో వస్తుంటే, నాకంటే ముందు అది ఎదురెళ్లేది. కంచం ముందు కూర్చుని ఆలస్యమైతే గిన్నె మోగించే అల్లుళ్లుంటారు చూశారూ, అచ్చం అలా ముక్కు టకటకలాడించేది.

మధ్యలో ఒక ఆదివారం అమ్మని చూడ్డానికి ఏలూరు వెళ్లాను. రైలు పెట్టెలో నా చుట్టూ ఎవరూ కూర్చోలేదు. హాయిగా కాళ్లు చాపుకుని వెళ్లాను. అమ్మ గుమ్మంలోనే ఆపేసింది.

"అక్కడే ఉండరా. పెరట్లోంచి రా."

"అమ్మా, నేనేం తప్పు చెయ్యలేదే..."

"ముందు బావి దగ్గర పది చేదలు పోసుకో. తర్వాత చెబుదువుగాని."

స్నానం చేసి వచ్చాక అన్నం పెడుతూ అడిగింది, "ఎలా ఉందిరా అది?"

"ఏది?"

"నీ పిల్ల. రెక్క నయమైందా?"

"నయమవుతోందే," అన్నాను. అమ్మ ముక్కు మీద కొంగు తీయకుండానే రెండోసారి పెరుగు వేసింది.

రెక్క నయమైంది. ఈకలు నిండాయి. అసలు చిక్కు అప్పుడు మొదలైంది. చెట్ల మీది పిల్లలు ఒక్కొక్కటే గూడు అంచున నిలబడి, రెక్కలు ఆడించి, గాల్లోకి పోతున్నాయి. సన్మానం మాత్రం నా వెనకే నడిచేది. నేను బావికెళితే బావికి, నేను గట్టుకెళితే గట్టుకి. గడ్డిమేటు ఎక్కించి తోశాను. జారి దిగి, మళ్లీ నా పక్కకి వచ్చి నిలబడింది. నేనే ముందు పరుగెత్తి చేతులాడిస్తూ ఎగిరి చూపించాను. వీధి పొడుగునా పరుగెత్తాను. ఊరు ఊరంతా అరుగుల మీద కూర్చుని చూసింది.

"పంతులు గారు ఎగురుతారంటారాండీ?" అని ఒకాయన.

"ఆయ్, ఇంకాస్త పెరుగు మానేస్తే ఎగురుతారండి," అని ఇంకొకాయన.

ఎండలు ముదిరాయి. ఒకనాడు పొద్దున్న లేచి చూస్తే చెట్లన్నీ ఖాళీ. పెద్దవీ పిల్లలూ అన్నీ వెళ్లిపోయాయి. మందంతా పోతే ఒక్క పిల్ల వెనకపడి బతకదు. దూరంగా కొల్లేటి వైపు ఆకాశంలో ఆ గుంపు ఇంకా తిరుగుతోంది, చిన్నచిన్న చుక్కల్లా. సన్మానం నా కాళ్ల దగ్గర నిలబడి రెండో గంప కోసం చూస్తోంది. నాకు డాక్టరు గారి జోడించిన చేతులు గుర్తొచ్చాయి. బతిమాలాను. తిట్టాను. చివరికి గడ్డిమేటు మీద దాన్ని నిలబెట్టి, కింద కూలబడి, పెద్దవాణ్ణన్న సిగ్గు లేకుండా ఏడ్చాను.

అంకమ్మ గారు వచ్చి పక్కన నిలబడ్డారు. ఆవిడ గొంతు మొదటిసారి మామూలుగా, పెద్దగా విన్నాను. చెట్లు ఖాళీ అయ్యాయి కదా, ఊరికి మాట తిరిగొచ్చింది.

"ఏడుస్తారేంటండీ? దాన్ని లేపే విద్య తమరికొకటి వచ్చుగా."

"ఏ విద్యండీ?"

"దాన్ని దేంతో పడేశారు?"

నేను నా చేతుల వంక చూసుకున్నాను.

"కొట్టండి," అన్నారావిడ. "ఇప్పుడు కొట్టండి, మీకెంత ఇష్టమైతే అంత."

లేచాను. ఆ రెండు చేతుల్ని చూస్తేనే నాకు భయం. కళ్లు మూసుకుని కొట్టాను. ఊరంతా కలిసింది. నెలల తరబడి గుసగుసలు మింగి మింగి ఉన్న ఊరు, ఒక్కసారిగా చప్పట్లు, కేకలు, ఎవరో తెచ్చిన డప్పు, తప్పేళాలు. సన్మానం ఉలిక్కిపడింది. మెడ వంచి, నా నెత్తిమీదే, పొద్దున్న తిన్న గంపెడూ కక్కేసింది. అలా తేలికపడి, రెక్కలు విప్పి, రెండుసార్లు నేలకి తగలబోయి, తాటిచెట్ల మీదుగా లేచింది. కొల్లేటి వైపు మళ్లింది. చుక్క అయింది. చుక్కల్లో కలిసింది.

నేను చేపల్లో నిలబడి చూశాను. అంత సంతోషం నాకు ఏ శాలువా కప్పినా రాలేదు.

మరుసటి ఏడు వసంతంలో అంకమ్మ గారి నుంచి కబురొచ్చింది, డాక్టరు గారిని తీసుకురమ్మని. వెళ్లాం. అదే వాకిలి, అదే గడ్డిమేటు పక్క చోటు. పైన గూళ్లు నిరుటి కంటే ఎక్కువే ఉన్నాయి. ఆవిడ నన్ను చూపించి తన కోడలితో మెల్లగా, "ఈయనేనమ్మా మన మంత్రసాని పంతులు గారు," అంది. డాక్టరు గారు ఆ వాకిట్లో చాలాసేపు పైకి చూస్తూ కూర్చున్నారు. తిరిగి వచ్చేటప్పుడు కాలవ గట్టు మీద నా భుజం పట్టుకుని నడుస్తూ అన్నారు:

"నడకలు నీకిస్తున్నాను కామేశం. ఉపన్యాసాలు మాత్రం ఇవ్వను."

"వద్దండి," అన్నాను. ఈసారి అది వినయం కాదు.

ఆ తర్వాత ఎన్నో వసంతాలు నేనే నడిపించాను, వేలితో చూపిస్తూ. మాట్లాడకుండా ఉండటం మొదట్లో నోట్లో ముల్లులా ఉండేది. తర్వాత తర్వాత అదే రుచి పట్టింది. వకీలు గారి తివాచీని మాత్రం ఎన్నిసార్లు ఉతికినా ఏలూరు పిల్లులు మరిచిపోలేదు.

నేను రిటైరయిన రోజున స్కూలువాళ్లు సన్మానం పెట్టారు. ఆరుబయట, చెట్టు కింద. శాలువా తెచ్చారు. ఒక కుర్ర పంతులు కాగితం తీసి నన్ను సూర్యుణ్ణి చేశాడు. వాడు ముగించాడు, ఆగాడు, చప్పట్లు మోగాయి. వాడి ముఖం వెలిగింది. అందరూ నావైపు చూశారు. నేను మాత్రం శాలువా తలమీదకి లాక్కుని పైకి చూస్తున్నాను.

కాబట్టి, భూమ్యాకాశాల సాక్షిగా, కొల్లేటి చేపల సాక్షిగా ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. పైన కప్పు లేని చోట నేను ఉపన్యాసం చేయను. ఎవరు చేసినా చప్పట్లు కొట్టను. అందులోనూ, ముఖ్యంగా, నాకు నేను అసలు కొట్టుకోను. ఇది చదివి మీకు కొట్టాలనిపిస్తే సంతోషమే గానీ, దయచేసి ముందు ఒక్కసారి పైకి చూడండి.